ఆఖరి స్టీమరు వెళ్ళిన తరువాత

సెయింట్ కిల్డా దీవి గురించి నేను చదివిన పాత వ్రాతలలో అధికభాగం వేసవిలోనే నడుస్తాయి. వ్రాసినవారు చాలామంది వేసవిలో వచ్చి వేసవిలోనే వెళ్ళిపోయారు కనుక అందులో వింత లేదు. అయితే ఆ దీవి చరిత్ర అర్థం కావాలంటే యాత్రికుల ఆఖరి స్టీమరు వెళ్ళిపోయిన తరువాతి నెలలను చూడాలని నా అభిప్రాయం. ఈ నాలుగు మాటలూ ఆ నెలల గురించే.

స్కాట్లాండుకు పడమట హెబ్రిడీస్ దీవులున్నాయి. వాటిలో ఒకటైన నార్త్ యూయిస్ట్ నుండి ఇంకా 64 కిలోమీటర్లు అట్లాంటిక్‌లోకి వెళితే నిటారైన కొండచరియలతో కొన్ని దీవుల గుంపు కనిపిస్తుంది. అదే సెయింట్ కిల్డా. అందులో జనం స్థిరంగా నివసించినది హిర్టా ఒక్కటే. ఒక చిన్న అఖాతం, దాని ఒడ్డున ఒకే ఒక వీధి. చెట్టన్నది మచ్చుకైనా లేదు. గేలిక్ మాట్లాడే ఆ జనం డన్వేగన్ మెక్లౌడ్ ప్రభువుల రైతులు. 1697లో మార్టిన్ మార్టిన్ అనే యాత్రికుడు వచ్చినప్పుడు వారు 180 మంది. శిస్తును నాణేలతో కాక ఈకలు, పక్షినూనె, ఉన్నిబట్టలతో చెల్లించేవారు.

మనకు పంట చేతికొచ్చే కాలం ఎటువంటిదో వారికి ఆగస్టు అటువంటిది. అయితే ఆ పంట కొండచరియల మీద పండేది. ఫుల్మార్ అనే సముద్రపక్షి పిల్లలు బాగా కొవ్వెక్కి, ఇంకా ఎగరలేని ఆ కొద్ది రోజులలో మగవారు నడుముకు త్రాళ్ళు కట్టుకొని చరియలలోకి దిగేవారు. పట్టినవాటిని అందరికీ వాటాలు వేసేవారు. ఆ తరువాత పక్కనున్న బోరెరే దీవి, దాని చుట్టూ ఉన్న శిలాస్తంభాల మీద గానెట్ పిల్లల వేట. మాంసాన్ని క్లెట్ అనే రాతి గూళ్ళలో నిలవచేసేవారు. సున్నం, అడుసు లేకుండా రాళ్ళు పేర్చి, పైన పచ్చికగడ్డలు కప్పిన కట్టడాలివి. రాళ్ళ సందుల గుండా గాలి ఆడుతుంది, వాన లోపలికి రాదు. హిర్టాలో ఇవి నేటికీ 1,200కు పైగా నిలిచి ఉన్నాయి. ఒక్క వీధి గల ఊరికి అన్ని కొట్లు ఎందుకు కావలసివచ్చిందంటే, దానికి జవాబు చలికాలమే.

కొద్దిపాటి ఓట్లు, బార్లీ కోత కూడా పూర్తయ్యాక సముద్రం మూతపడేది. ఉదయం మగవారు వీధిలో చేరి ఆనాటి పని నిర్ణయించుకొనేవారు. బయటివారు ఈ సభకు 'పార్లమెంటు' అని పేరు పెట్టారు. ఆడవారు ఉన్ని వడికేవారు, మగవారు మగ్గం నేసేవారు.

ఇక టపా సంగతి. 1876లో వచ్చిన జాన్ శాండ్స్ అనే పత్రికారచయిత వెనుకకు వెళ్ళే ఓడ లేక ఆ చలికాలమంతా అక్కడే చిక్కుకుపోయాడు. 1877 జనవరిలో ఒక ఆస్ట్రియా ఓడ అక్కడ పగిలి తొమ్మండుగురు నావికులు ఒడ్డుకు చేరారు. ఉన్న ధాన్యాన్ని వారితోనూ పంచుకోవలసి వచ్చింది. శాండ్స్ ఆ ఓడ తాలూకు తేలుడు చక్రానికి ఉత్తరం కట్టి సముద్రంలో వదిలాడు. అది తొమ్మిది రోజులలో ఆర్క్నీ దీవులకు కొట్టుకుపోయింది, ఫిబ్రవరిలో నౌకాదళపు ఓడ వచ్చింది. అటుపైన ద్వీపవాసులు చెక్కను బుల్లి పడవలా తొలిచి, అందులో ఉత్తరం పెట్టి, గొర్రె తిత్తిని బుంగగా కట్టి గాలి అనుకూలించినప్పుడు వదిలేవారు. కొన్ని స్కాట్లాండు చేరేవి, కొన్ని నార్వే చేరేవి. టపా అన్న మాటను మనం వేరే అర్థంలో వాడుకుంటున్నాం గానీ, చేరుతుందో లేదో తెలియకుండా వదిలే విషయంలో రెంటికీ పోలిక లేకపోలేదు!

సుమారుగా ఆ కాలం నుండే డునారా కాసిల్, తరువాత హెబ్రిడీస్ అనే స్టీమర్లు ప్రతి వేసవి యాత్రికులను తీసుకురాసాగాయి. వారు బట్టలు, మేజోళ్ళు, పక్షిగుడ్ల డొల్లలు కొనేవారు. ఫోటోకు నిలబడినందుకు డబ్బులు అడగడం ద్వీపవాసులు నేర్చుకొన్నారు. దానికి వారిని దురాశాపరులని ఈసడించిన యాత్రికులున్నారు. నాకు ఆ నింద న్యాయంగా తోచదు. తన ముఖం ఇంకొకరి చేతిలో సరుకవుతున్నప్పుడు వాటా అడగడం తప్పెలా అవుతుంది?

అసలు మార్పు మరొకచోట జరిగింది. శిస్తుకూ ఒంటికీ నేసిన బట్ట క్రమంగా రాబోయే వేసవి గిరాకీ కోసం నేసే బట్ట అయింది. చలికాలం వేసవికి సేవ చేసింది. కానీ వేసవి చలికాలానికి ఏమీ మిగల్చలేదు. పిండి తరిగినా ప్రాణం మీదికి వచ్చినా, ఆ స్టీమర్లు మళ్ళీ వేసవి దాకా రావు.

ఇంతలో జనం తరిగిపోయారు. 1852లో 36 మంది ఆస్ట్రేలియాకు ఓడెక్కారు. పందొమ్మిదో శతాబ్దంలో అనేకమంది పసిబిడ్డలను పురిటి ధనుర్వాతం పొట్టన పెట్టుకొంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళం అక్కడ మకాం వేయడంతో టపా, సరుకులు క్రమంగా అందాయి. యుద్ధం ముగియగానే అవీ పోయాయి, యువకులూ వలసపోయారు.

1930 మే నెలలో తమను తరలించమని ద్వీపవాసులు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొన్నారు. అందులోని వాదం సూటిగా ఉంటుంది. గొర్రెలు కాసేదీ, మగ్గం నేసేదీ, వితంతువులను చూసుకొనేదీ ఉన్న కొద్దిమంది మగవారే. వారిలో కొందరు వెళ్ళిపోవాలని నిశ్చయించుకొన్నారు. వారు లేకుండా ఇంకొక చలికాలం గడపడం మిగిలినవారికి అసాధ్యం. యాత్రికులు ఎన్నడూ చూడని ఋతువే ఆ ఊరి భవిష్యత్తును తేల్చింది.

1930 ఆగస్టు 29న, అంటే యాత్రల కాలం ముగిసే వేళకు, మిగిలిన 36 మందీ హేర్‌బెల్ అనే నౌకాదళపు ఓడ ఎక్కారు. వెళ్ళేముందు ప్రతి ఇంటిలో తెరచిన బైబిలునూ, గుప్పెడు ఓట్లనూ ఉంచారు. తీసుకువెళ్ళలేని కుక్కలను నీటిలో ముంచి చంపారు. చెట్టులేని దీవి నుండి వెళ్ళిన ఆ మగవారిలో పలువురికి ప్రభుత్వం చూపిన ఉపాధి మోర్వెర్న్ ప్రాంతపు అడవులశాఖలో పని.

1957 నుండి ఆ దీవులు నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అధీనంలో ఉన్నాయి. 1986లో యునెస్కో వారసత్వ గుర్తింపు లభించింది. అక్కడ పుట్టి 1930లో తరలివెళ్ళినవారిలో చివరి వ్యక్తి 2016లో కన్నుమూశారు. వేసవిలో యాత్రికుల పడవలు ఇప్పటికీ వస్తున్నాయి. పక్షులు ఎగిరిపోయే వేళకు అవీ తిరిగిపోతాయి. చరియలలోకి త్రాళ్ళు కట్టుకొని దిగేవారు గానీ, చలికి తలుపులు మూసుకొని మగ్గం ముందు కూర్చునేవారు గానీ ఆ వీధిలో ఇప్పుడెవరూ లేరు.