చిన్నబడిలో బెత్తం: రెండు వందల ఏళ్ల సింహావలోకనం

గోడకుర్చీ, గుంజీళ్లు, తొడపాశం, కోదండం. కోరుకొండలోనైనా రాజమండ్రిలోనైనా ఈ మాటలకు అర్థం చెప్పాల్సిన పనిలేదు. వీధిబడులు పోయాయి, వాటి శిక్షల పేర్లు మాత్రం మన నోట మిగిలాయి.

ఆ బడుల లోపలి సంగతులు కొన్ని రాతలో నిలిచాయి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమన్నాడు. మరుసటి ఏడాది బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ రాసిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపై వచ్చినవాడికల్లా ఒక్కోటి ఎక్కువ. సోమరిపోతును రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీసేవారు. ఇదే కాంప్‌బెల్, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చదువు చెప్పే మన పద్ధతిని మనసారా మెచ్చుకున్నాడు. తోటివాడికి నేర్పే చనువూ, తోటివాడికంటే ముందు పరుగెత్తకపోతే పడే దెబ్బా ఒకే గదిలో ఉండేవి. మనం రెండోదాన్నే ఎక్కువకాలం దాచుకున్నాం.

బెత్తానికి ఎదురుచెప్పినవాళ్లూ వచ్చారు. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో విద్యావేత్త గిజుభాయి చిన్నపిల్లల కోసం బాలమందిరం తెరిచాడు. 1939లో ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి మద్రాసు వచ్చింది. బడుల తనిఖీ అధికారిగా పనిచేసిన రచయిత చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల్ని కొట్టడాన్ని నిలదీశాడు. అదే 1939లో అమెరికాలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం పదేళ్ల మగపిల్లల జట్లపై చేసిన పరిశీలన వెలువడింది. పెత్తనం చేసే నాయకుడు గది దాటగానే అతని జట్టు పని పడకేసింది. కలుపుకుపోయే నాయకుడి జట్టు పని సాగించింది. భయంతో నిలిచిన క్రమశిక్షణ మనిషి ఎదురుగా ఉన్నంతసేపే ఉంటుంది.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలై, అంగన్‌వాడీ ఊళ్లలోకొచ్చింది. ఇప్పుడు అక్కడ బెత్తం అరుదు. కానీ ఏడుస్తూ వచ్చిన మూడేళ్లవాడిని ఒక టీచరు ‘నోర్ముయ్, పోలీసుకిచ్చేస్తా’ అంటుంది. వాడు ఏడుపు మింగుతాడు. పక్కనున్నవాళ్లు ఆడుతున్న ఆట ఆపి గుమ్మం వైపు చూస్తారు. ఇంకో టీచరు ‘రా నాన్నా, ఈ గ్లాసులు అందరికీ ఇద్దాం’ అంటుంది. కాసేపటికి గదంతా గ్లాసుల చప్పుడు. ఎవరి మీదా చెయ్యి పడలేదు, అయినా అవి రెండు వేర్వేరు బడులు. మొదటి టీచరును తిట్టి లాభం లేదు. రిజిస్టర్లూ, యాప్‌లో ఎక్కించే ఫొటోలూ, గుడ్ల, పాల లెక్కలూ ఒక్కరి నెత్తినే పెడితే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బల్నీ మానసిక వేధింపునీ నిషేధించింది. అయితే ఆ చట్టం లెక్కలో బిడ్డ అంటే ఆరు నుంచి పద్నాలుగేళ్లవాడు. భయం గట్టిగా నాటుకునే మూడు, నాలుగు, ఐదేళ్లు దాని బయటే ఉండిపోయాయి. ఆ వయసుకూ అదే రక్షణ రాయించాలని మన ప్రజాప్రతినిధుల్ని అడుగుదాం. అందాకా బిడ్డను చేర్చేముందు ఎన్ని పేజీలు రాయిస్తారని అడక్కండి. ఒక పావుగంట ఆ గదిలో కూర్చుని, ఏడ్చే పిల్లాడితో టీచరు ఏమంటుందో వినండి.