యుద్ధమునకు వచ్చి నిలిచిపోయిన గూడ్సు ఇంజనులు

మన సంఘము వారు వెలువరించు సంచికలలో తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోవెలను గూర్చియు, తిరుత్తణి కొండను గూర్చియు, ఆ యూర 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని గూర్చియు వ్యాసములు పలుమారులు వచ్చినవి. వచ్చుట న్యాయమే. కాని ఆడికృత్తికకు కావడి నెత్తుకొని వచ్చు భక్తుని తెచ్చి స్టేషనులో దింపిన పొగబండిని గూర్చి వ్రాసినవారు అరుదు. గూడ్సు బండి మాట చెప్పనే అక్కరలేదు. ప్రయాణికుల బండికి ఒక పేరుండును, ఒక వేళయుండును, వీడ్కోలు చెప్పువారుందురు. గూడ్సు బండి నడిరేయి వచ్చి, ప్రక్క లైనులో గంటలకొలది నిలిచి, తెల్లవారకముందే వెడలిపోవును. గుమాస్తా పనిలో కాలము గడపిన మాకు దానిపై కొంత పక్షపాతము కలదు. పాఠకులు మన్నింతురుగాక.

1856 జూలై 1వ తేదీన రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణదేశపు మొదటి రైలుమార్గము తెరువబడెను. తిరువళ్ళూరు ఆ మార్గము మీదిదే. తరువాత అరక్కోణము వద్ద చీలి తిరుత్తణి, నగరి, పుత్తూరు, రేణిగుంట మీదుగా వాయవ్యమునకు సాగిన పట్టాలు 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుండి వచ్చిన మార్గమును కలిసికొనెను. అప్పటినుండి మద్రాసునకు బొంబాయికి నడుమ మన యూళ్ళు రాజమార్గము మీది యూళ్ళైనవి. ఈ సంగతి చరిత్ర పుస్తకములలో దొరకును. యుద్ధకాలపు కథయే మరుగున పడియున్నది.

రెండవ ప్రపంచయుద్ధము నాటికి మన రైల్వేల స్థితి చెప్పుకొనదగినది కాదు. 1929 తరువాతి ఆర్థిక మాంద్యములో క్రొత్త ఇంజనుల కొనుగోలు మందగించెను. యుద్ధము రాగానే రైల్వే కర్మాగారములు మందుగుండు సామగ్రి పనికి మరలింపబడెను. కొన్ని శాఖామార్గముల పట్టాలు ఊడబెరికి, ఇంజనులతోను వ్యాగనులతోను గూడ పశ్చిమాసియా రణరంగమునకు ఓడలలో పంపిరి. ఇదిట్లుండగా సముద్రయానము ప్రమాదకరమయ్యెను. అంతకుముందు కలకత్తా నుండి ఓడలలో మద్రాసు చేరుచుండిన బొగ్గు రైలెక్కవలసివచ్చెను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినప్పుడు మద్రాసు పట్టణము సగము ఖాళీ అయ్యెను. మంచము, కుంపటి, ముసలితల్లి, వీనిలో దేనిని ముందు బండి కెక్కింపవలెనో తెలియక జనము తల్లడిల్లిన కథలు మన యిండ్లలో ఇప్పటికిని వినవచ్చును. సైన్యమునకు బండ్లు కావలెను, ధాన్యమునకు బండ్లు కావలెను, పారిపోవు జనమునకును బండ్లు కావలెను. లాగుటకు ఇంజనులు చాలవు. 1943లో వంగదేశమున కరవు వచ్చి లక్షలాది ప్రజలు మడిసిన కాలమున, ధాన్యమును చేరవేయు బండ్ల కొరత ఎంతటి పాపమునకు తోడయ్యెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులోని కర్మాగారములు తమ దేశపు యుద్ధపు పనిలో మునిగియుండెను. కావున ఇంజనులను అట్లాంటికునకు ఆవలి యొడ్డున వెదుకవలసివచ్చెను. అమెరికా 1941 మార్చిలో చేసిన లెండ్-లీజు చట్టము క్రింద ఫిలడెల్ఫియా దగ్గరి బాల్డ్విను వంటి పెద్ద కర్మాగారములలోను, కెనడాలోని కింగ్‌స్టను, మాంట్రియలు కర్మాగారములలోను మన 5 అడుగుల 6 అంగుళాల పెద్ద గేజికి సరిపడునట్లు గూడ్సు ఇంజనులు తయారయ్యెను. అమెరికావానికి ఎ.డబ్ల్యు.డి., ఎ.డబ్ల్యు.ఇ. అనియు, కెనడావానికి సి.డబ్ల్యు.డి. అనియు పేరులు పెట్టిరి. మొదటి అక్షరము దేశమునకు, డబ్ల్యు యుద్ధమునకు గుర్తు. ఐరోపా రణరంగము కొరకు వేలకొలది చేసిన మరియొక నమూనాను పెద్ద గేజికి మార్చి, ఎ.డబ్ల్యు.సి. అను పేరుతో కొన్నిటిని మనకు పంపిరి. చిన్న గేజికి వచ్చిన అమెరికా ఇంజనులను మెకార్థరు అని సేనాపతి పేర పిలిచిరి. అవి బర్మాలోను, సయాములోను గూడ తిరిగినవి.

వీని నిర్మాణమును గూర్చి కొంచెము చెప్పక తప్పదు. ఎ.డబ్ల్యు.డి., సి.డబ్ల్యు.డి. ఇంజనులకు ముందు దారి చూపుటకు రెండు చిన్న చక్రములు, నడుమ లాగుటకు ఎనిమిది పెద్ద చక్రములు, వెనుక మరి రెండు చిన్నవి యుండును. గూడ్సు బండికి వేగము ముఖ్యము కాదు, పట్టు ముఖ్యము. ఇంజను బరువు ఎనిమిది చక్రములపై బడి పట్టాలను కరచుకొన్నప్పుడే బరువైన లోడు కదలును. వెనుకటి రెండు చక్రములు ఏల యన, వానిమీద విశాలమైన నిప్పుగుంట నిలుచును. మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఇరుకు గుంటలో అది చాలినంత వేడి నీయదు. ఇంగ్లీషువారి ఇంజనులకు దళసరి రేకుల చట్రముండగా, అమెరికావారు లావుపాటి ఇనుప కడ్డీల చట్రము చేసిరి. చూచుటకు మొరటు. మరమ్మతు చేయువాడు చేయి దూర్చుటకు మాత్రము చోటుండును. యుద్ధములో అందము కొరకు ఆగువారెవరు?

ఈ ఇంజనుల సంగతి మేము మొదట విన్నది పుస్తకములలో కాదు. మాకు పెదనాన్న వరుసయగు పెద్దాయన ఒకరు యుద్ధకాలములో ఖరగ్‌పూరు వెళ్ళి రైల్వేలో ఖలాసీగా చేరి, ఫైర్‌మనుగా, పిదప డ్రైవరుగా ఎదిగి, పెన్షను పుచ్చుకొని తిరుత్తణికి తిరిగి వచ్చిరి. ఖరగ్‌పూరులో మన తెలుగువారు వేలకొలదిగ స్థిరపడియుండుట పాఠకులెరిగినదే. ఆ యూరి కర్మాగారము, యార్డు మన జనపు చెమటతో నడచినవి. ఆయన సాయంకాలము అరుగుమీద కూర్చుండి కుడి మోచేతిని నిమురుకొనుచు చెప్పెడివారు: "అమెరికా బండి రాకాసిది నాయనా. ఎంత బొగ్గేసినా దాని ఆకలి తీరేది కాదు. ఇద్దరం పారలు పట్టుకుంటే ఒకరి వీపు ఒకరికి తగిలేది. అయితే లోడు తగిలిస్తే మాత్రం కాదనేది కాదు."

యుద్ధము ముగిసినది గదా, వానిని తిరిగి పంపివేయలేదా యని ఒకనాడు మేమడిగితిమి. ఆయన నవ్విరి. "యుద్ధానికని వచ్చింది. యుద్ధం అయిపోయినాక పొమ్మన్నవాడెవడు? మన మాదిరే." కొంతసేపటికి మరల, "మేము మాత్రం ఖరగ్‌పూరులో ఉండిపోదామనా పోయింది?" అనిరి.

నిజమే. 1947లో దేశము చీలినప్పుడు ఈ ఇంజనులలో కొన్ని పాకిస్తాను పాలైనవి, అధికభాగము మనకు మిగిలినవి. పాత ఇంజనులు అప్పటికే అలసియుండెను. ధాన్యము, బొగ్గు, సిమెంటు, ఉక్కు మోయవలసిన దినములలో యుద్ధపు ఇంజనులే పెద్ద ఆసరాయయ్యెను. 1950 నవంబరు 1న చిత్తరంజన్ కర్మాగారపు తొలి ఇంజను "దేశబంధు"ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు గారు దేశమున కంకితము చేసిరి. అది డబ్ల్యు.జి. తరగతి గూడ్సు ఇంజను. దానికిని ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనుక రెండు చక్రములే, దానికిని కడ్డీల చట్రమే. ఇచ్చటి డబ్ల్యు అను అక్షరము మాత్రము యుద్ధమునకు గాక పెద్ద గేజికి గుర్తు. 1970 వరకు ఈ తరగతివి మొత్తము 2,450 తయారైనవి. అన్ని డబ్ల్యు.జి.లు చేతికందు వరకు దేశము నాగిపోనీయక లాగినవానిలో అమెరికా, కెనడా ఇంజనులుండెను. పంచవర్ష ప్రణాళికల చరిత్ర వ్రాయువారు ఆనకట్టలను చెప్పుదురు, ఉక్కు కర్మాగారములను చెప్పుదురు. ఆ సిమెంటును మోసినదెవరని అడుగరు.

మా చిన్ననాట తిరుత్తణిలో మేము చూచినవి ఎక్కువగా డబ్ల్యు.జి.లే. రాయలసీమ వేరుసెనగ, కడప బండలు, బళ్ళారి హోసపేట ప్రాంతముల ఇనుప ఖనిజము మద్రాసు వైపు సాగెడివి. అరక్కోణములో పెద్ద గేజి మార్గములు రెండు కలియును. చెంగల్పట్టు నుండి వచ్చు చిన్న గేజియు ఆనాడచ్చటనే ముగిసెడిది. ఒక గేజి వ్యాగను నుండి మరియొక గేజి వ్యాగనునకు మూటలు మార్చు కూలీల కేకలలో తెలుగు, అరవము కలగలిసి, ఏది ఏదో తేల్చుట కష్టముగ నుండెడిది. మన యిండ్ల భాషయు అంతే గదా!

ఆ కాలముననే మనకు ముఖ్యమైన మార్పు జరిగెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరినది. 1953లో ఆంధ్రరాష్ట్రమున కది పోయెను. పటాస్కరు గారి సిఫారసుల మీద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రములోని చెంగల్పట్టు జిల్లాకు, మారుగా సత్యవేడు వైపు గ్రామములు ఆంధ్రకు మారినవి. మార్చి 31 రాత్రి రేణిగుంటలో బయలుదేరిన గూడ్సు బండికి తెల్లవారుజామున తిరుత్తణి వేరొక రాష్ట్రములో కనబడియుండును. డ్రైవరునకు మాత్రము అదే సిగ్నలు, అదే నీటి గొట్టము. రెండు ప్రక్కలను దక్షిణ రైల్వేయే. 1977లో గుంతకల్లు డివిజను దక్షిణ మధ్య రైల్వేకు చేరిన పిదపనే రైల్వే హద్దును మారెను. పొన్పాడి దాటగానే వచ్చు వేంకటనరసింహరాజువారిపేట బోర్డు ఆంధ్రలో నిలిచెను. అంత పొడుగు పేరును చదువునంతలో రాష్ట్రము మారిపోవునని మేము పిల్లలమై నవ్వుకొనెడివారము. పెద్దలు నవ్వలేదు. బడిలో తెలుగు వాచకము ఎన్నాళ్ళుండునో యని వారు దిగులుపడుచుండిరి. ఆ దిగులు వట్టిది కాదని మన మనుమలను చూచిన తెలియును.

1979లో తిరువళ్ళూరు వరకు విద్యుత్తు తీగలు వచ్చెను. తరువాతి కొన్ని సంవత్సరములలో అవి అరక్కోణము దాటి సాగెను. పెద్ద గేజిమీద ఆవిరి బండి 1995తో దేశమంతట ముగిసెను. యుద్ధపు ఇంజనులలో పెక్కింటిని అంతకు మునుపే తుక్కు క్రింద కరగించిరి. 1943 నాటి బాల్డ్విను ఇంజను "విరాట్"ను రైల్వేవారు భద్రపరచిరి.

ఇనుమును రైల్వేవారు దాచిరి. మనుష్యుల సంగతి మనము చూచుకొనవలెను. మా పెద్దాయన పోయిన పిదప వారి డ్యూటీ పుస్తకములు, జీతపు చీట్లు, పాసులు పాత కాగితములవాని తక్కెడలో కిలోల లెక్కన పోయినవి. ఏ ఇంజను, ఏ తేదీ, ఎంత లోడు, ఎచ్చట నీళ్ళు పట్టినది, అన్నియు వారు తెలుగులో వ్రాసికొనియుండిరి. మేము తెలిసికొనునప్పటికి వారము దాటినది. మన సభ్యుల కుటుంబములలో అరక్కోణము షెడ్డులోనో, పెరంబూరు కర్మాగారములోనో, దూరపు యార్డులలోనో పనిచేసినవారి సంతతి చాలమంది కలరు. అటకమీద అట్టి పుస్తకము గాని, చేతిదీపము గాని, సంతకము చెరిగిన పాసు గాని యున్నచో, అమ్మివేయుటకు ముందు సంఘ కార్యదర్శి గారికి ఒకసారి చూపవలెనని కోరుచున్నాము. తెలుగక్షరములు చదువలేనివారు సంకోచింపనక్కరలేదు. ఆదివారము సాయంకాలములలో మేము సంఘము గదిలోనే యుందుము, చదివి వినిపింతుము.