రెండు చక్రాల మీద బస్తా

గోదావరి జిల్లాల్లోని నల్లజర్ల నుంచి ఏ దిక్కుకు కదిలినా పంట మారిపోతుంది. ఎగువన మెట్ట భూముల్లో పామాయిల్, నిమ్మ, జీడిమామిడి. దేవరపల్లి వైపు పొగాకు. దిగువకు వచ్చి తాడేపల్లిగూడెం దాటితే వరి, ఇంకా కిందకి పోతే కొల్లేటి చేపల చెరువులు. ఇంత సరుకూ లారీల్లోనే పోతుందనుకుంటాం గానీ, లారీ నిలబడేది పెద్ద రోడ్డు మీద. తోట నుంచి, చెరువు గట్టు నుంచి, పశువుల పాక నుంచి ఆ రోడ్డు దాకా, మళ్లీ సంత నుంచి గడప దాకా మోసేది చాలాచోట్ల రెండు చక్రాల బండే. అటూ ఇటూ పాల క్యాన్లు, వెనక పచ్చగడ్డి మోపు, తలకిందులుగా వేలాడే కోళ్లు, థర్మకోల్ పెట్టెలో ఐసు వేసిన చేపలు, నాలుగేసి గ్యాస్ సిలిండర్లు, ఒక ఇంటికి సరిపడా ప్లాస్టిక్ సామాను. వీటి మధ్య ఎక్కడో హ్యాండిలు పట్టుకున్న మనిషి.

దీన్ని చూసి నిర్లక్ష్యం అనేయడం తేలిక. ఈ బరువుల చరిత్ర కొంచెం వెనక్కి వెళ్లి చూస్తే అసలు చిక్కు వేరే చోట కనిపిస్తుంది. మనిషి మోసే బరువు మరీ అంతగా పెరగలేదు. పెరిగింది వేగం, మారింది పక్కన పరుగెత్తే బండ్లు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు నీళ్లతోపాటు రవాణా కూడా కాలువల మీదే వచ్చింది. ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనూ కలిపింది. ధాన్యం, ఉప్పు, కలప పడవల్లో సాగాయి. గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవ లాగేవారు. 1890లలో రైలు రావడంతో తాడేపల్లిగూడెం, ఏలూరు లాంటి స్టేషన్ల చుట్టూ వ్యాపారం పెరిగింది. మెట్టకు మాత్రం కాలువా లేదు, రైలూ లేదు. అక్కడ ఉన్నవి ఎడ్లబండీ, తలమీద గంపా, భుజాన కావడీ. కొల్లేటి లంకల్లో దోనె దిగిన చేపల తట్ట ఊళ్లోకి నెత్తి మీదే వచ్చేది.

కావడి మోసేవాడికి తెలిసిన లెక్క ఒకటే: రెండు వైపులా బరువు సమంగా ఉండాలి. అడుగు చిన్నదిగా, వేగంగా పడాలి. బద్ద ఊగే ఊపుకు నడక కలవాలి. తూకం తప్పితే కుండ పగులుతుంది, మోకాలు చెక్కుకుపోతుంది. అంతకుమించి పోయేది తక్కువ. ఆ నేర్పు తరవాత సైకిలెక్కింది.

స్వాతంత్ర్యం వచ్చిన చుట్టుపక్కల ఏళ్లలో దేశంలో సైకిలు ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో. పల్లెటూళ్లకు వచ్చినవి సన్నబండ్లు కావు. మందపు రాడ్లు, వెడల్పు క్యారేజీ, ఇనుప స్టాండు ఉన్నవి. పాలవాడు, చేపలవాడు, కల్లుగీత కార్మికుడు, చీరల మూట కట్టుకుని తిరిగే వ్యాపారి అందరూ దాన్ని తమకు తగినట్టు మార్చుకున్నారు. ముందు ఫోర్కుకు అదనపు రాడ్డు, క్యారేజీకి ఇనుప బద్దీ వెల్డింగు చేయించుకున్నారు. ఎత్తు వస్తే దిగి తోసుకుపోయేవారు. బరువును బట్టి వేగం తనంతట తానే తగ్గిపోయేది. సైకిలుకు ఉన్న పెద్ద రక్ష అదే.

1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరు కూర్చోగల మొదటి భారతీయ మొపెడ్ అది. పట్నంలో దాన్ని చిన్న ఉద్యోగి బండిగా చూశారేమో గానీ, గోదావరి జిల్లాల్లో అది సరుకు బండి అయి కూర్చుంది. కారణం దాని ఒడ్డూపొడవుల్లోనే ఉంది. సీటుకూ హ్యాండిలుకూ మధ్య చదునైన ఖాళీ. అక్కడ బస్తా దించవచ్చు, సిలిండరు నిలబెట్టవచ్చు. గేర్లు మార్చే పని లేదు కాబట్టి కాళ్లు ఎటు చాపుకున్నా ఫరవాలేదు. తరవాత వచ్చిన మోడళ్లలో వెనక సీటు ఊడదీసే వీలు కూడా కంపెనీయే ఇచ్చింది. అంటే ఈ బండి బరువులు మోస్తుందని తయారుచేసినవాళ్లకూ తెలుసు, అమ్మకాలు నిలబడిందీ ఆ నమ్మకం మీదే. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 మోయగల బరువు నడిపే మనిషితో కలిపి 130 కిలోలు.

ఆ 130ని పొలం గట్టు మీద పెట్టి చూస్తే ఎలా ఉంటుంది? వడ్ల బస్తా 75 కిలోలు. నడిపే మనిషి 60 అనుకున్నా ఒక్క బస్తాతోనే లెక్క దాటింది. 40 లీటర్ల పాల క్యాన్లు రెండు వేసుకుంటే పాలే 80 కిలోల పైమాట, క్యాన్ల బరువు వేరే. నిండు గ్యాస్ సిలిండరు ఒక్కోటి 30 కిలోలకు దగ్గరగా ఉంటుంది. మూడు వేసుకుంటే హద్దు దాటినట్టే, నాలుగోది మామూలుగా ఎక్కుతూనే ఉంది.

కట్టడంలో ఉన్న పనితనం చూసి తీరవలసిందే. పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా కోసి, ఒక చివర హుక్కు బిగించి, క్యారేజీ కింద నుంచి తెచ్చి లాగి కడతారు. తాడు బిగుసుకుని ఆగిపోతుంది, ట్యూబు గుంటకు సాగి మళ్లీ పట్టుకుంటుంది. బరువైనది అడుగున, తేలికది పైన. పొడవాటి పైపులైతే కొసకు ఎర్రగుడ్డ. పాలు మోసేవాళ్లు సగం నిండిన క్యానుకే ఎక్కువ భయపడతారు, మలుపులో లోపలి పాలు ఒక పక్కకు ఒరిగి బండిని లాగేస్తాయి కనుక. సంక్రాంతి ముందు పందెం కోడిని తీసుకెళ్లేటప్పుడు వెనక కూర్చున్న మనిషి రెండు చేతులా దాన్ని పొదివి పట్టుకుంటాడు. జాగ్రత్త తెలియని జనం కాదు వీళ్లు. ఏది విలువైనదో దాన్ని కాపాడే తీరు బాగా తెలిసినవాళ్లు.

కానీ ఆ జాగ్రత్త అంతా సరుకు జారిపోకుండా చూసేది. వెనక చక్రం మీద బరువు పెరిగితే ముందు చక్రం తేలిక పడి హ్యాండిలు మాట వినదు. బ్రేకు కొడితే మోపు వీపును తోస్తుంది. అన్నిటికన్నా ఘోరం, లైట్ల సంగతి. గడ్డిమోపు వేసిన బండికి వెనక లైటు కనపడదు, ఇండికేటర్లూ కనపడవు. సంజెవేళ వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు అక్కడ ఉన్నది బండి అని తెలిసేసరికి దూరం మిగలదు.

మనవాళ్లకు ప్రమాదం పట్ల ఒక నిబ్బరం ఉంది. కొత్త బండి కొంటే ద్వారకా తిరుమలకో, గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికో తీసుకెళ్లి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. దసరాకు బొట్టు పెడతారు. థాయ్‌లాండ్‌లోనూ అంతే: భిక్షువు చేత బండికి ఆశీస్సు చేయించి, మెడలో బుద్ధుడి తాయెత్తు వేసుకుంటారు. అక్కడా మోటారు సైకిలే సరుకు బండి, కుటుంబం బండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016కు వేసిన అంచనాలో అక్కడ లక్ష మందికి 32.7 రోడ్డు మరణాలు. అందులో నాలుగింట మూడు వంతులు రెండు, మూడు చక్రాల బండ్ల వాళ్లవి. మన దేశంలో 2022లో రోడ్డు మీద పోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. దైవభక్తిని తప్పు పట్టే పని లేదు. వియత్నాం 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేసి గట్టిగా అమలు చేస్తే, గుళ్లకు వెళ్లే అక్కడి జనమే కొద్ది రోజుల్లో తలకు పెట్టుకున్నారు.

తెలుగు నేల మీద ఈ గొడవ పాతదే. 1980ల్లో ఆంధ్రప్రదేశ్ నిబంధనల కింద హైదరాబాదులో హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు, అది స్వేచ్ఛగా తిరిగే హక్కుకు అడ్డమని ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ప్రాణం కాపాడే నియమం హక్కుకు భంగం కాదని 1988లో కోర్టు తేల్చింది. ఆ ఏడాదే వచ్చిన మోటారు వాహనాల చట్టం నడిపేవాడి వెనక ఒక్కరే కూర్చోవాలంది. చీర కొంగు చక్రంలో పడకుండా వెనక చక్రానికి కప్పు ఉండాలని దాని కింద వచ్చిన నిబంధనలు చెప్పాయి. నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే నడిపేవాడికి కలిపి కట్టే రక్షణ బెల్టు, తలకు హెల్మెట్, 40 కిలోమీటర్లకు మించని వేగం ఉండాలన్న నియమం 2023 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. సరుకు బండి పక్కలకు, వెనక్కు పొడుచుకు వస్తే 2019 సవరణ 20,000 రూపాయల జరిమానా రాసింది. ఆ మాట వినగానే అందరికీ లారీలే గుర్తొస్తాయి. రోడ్డు పక్కన పోలీసు మొదట అడిగేది హెల్మెట్ గురించి, వెనక లైటును మోపు కప్పేసిందా అని అడగడం అరుదు.

ఈలోగా దారి మారిపోయింది. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు దాకా నాలుగు వరసల జాతీయ రహదారి వచ్చింది. పాత రోడ్డు మీద లారీ కూడా ఊళ్ల మధ్య నెమ్మదించేది. ఇప్పుడు కార్లు 100 దాటిపోతుంటే వాటి పక్కనే 30లో గడ్డిమోపు. డివైడరు దాటే చోటు దూరమైతే కొందరు ఎదురు దిక్కున వచ్చేస్తారు. ఆ అలవాటు తప్పే. అయితే పొలం ఒక పక్క, పాక ఇంకో పక్క ఉన్న రైతుకు దగ్గరి దారి మూసేసింది రహదారి వేసినవాళ్లే.

పెద్ద బండి కొంటే తీరే సమస్యా కాదిది. 2005లో టాటా ఏస్ వచ్చాక సరుకులో కొంత దాని మీదికి మారింది, మనిషి మాత్రం సరుకు మీదే కూర్చున్నాడు. 2024 సెప్టెంబరు 10 రాత్రి టి.నరసాపురం మండలం బొర్రంపాలెం నుంచి నిడదవోలు మండలం తాడిమళ్లకు జీడిపిక్కల బస్తాలతో వెళ్తున్న మినీ లారీ దేవరపల్లి మండలంలో బోల్తా పడింది. బస్తాల మీద కూర్చున్న కూలీల్లో ఏడుగురు వాటి కిందే నలిగి చనిపోయారు.

ఇన్నాళ్లూ పూచీ అంతా బండి నడిపేవాడి మీదే పెట్టాం. పాలు తూచుకునే కేంద్రం, సిలిండర్లు పంపే ఏజెన్సీ, చేపలు ఎత్తించే షావుకారు, పిక్కలు కొనే వ్యాపారి, వీళ్లందరికీ ఆ బరువు మీద లాభం ఉంది. బండికి ఎంత ఎక్కించాలో తూచే కాటా వాళ్ల గుమ్మంలోనే ఉంది. మోపు వెనక వేలాడదీసే ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ ఖర్చు ఒక ట్రిప్పు కిరాయిలో కొసరంత. కూలీలకు వేరే ఆటో పెట్టే ఖర్చు అంతకంటే ఎక్కువే. అదీ సరుకు ధరలోనే కలవాలి.