చాందా ప్రాకారం: ఊరివాళ్లు ఎత్తిన కొడవలి

వార్ధా నదికి మనవైపు ఒడ్డున ఉన్న ఉప్పర్వాహి, గడ్‌చాందూర్, కోర్పనా గ్రామాలు నేడు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు చెందినవి. 1956 వరకు ఈ రాజురా తాలూకా అంతా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మొదట నాందేడుకు, 1959లో చాందా జిల్లాకు మారింది. కాగితం మీద గీత మారినా బంధుత్వాలూ బేరసారాలూ మారలేదు. కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు పడ్డాక బొగ్గుగనుల్లోకీ కర్మాగారాల్లోకీ తెలుగువారు మరింతగా వెళ్లి స్థిరపడ్డారు. దక్షిణాన సిరోంచా వైపు తెలుగు ఎప్పటినుంచో ఇంటిభాష. ఇంతమంది తెలుగువారికి పెద్ద ఊరు చంద్రపూర్, అంటే పాత చాందా. ఆ ఊరిని చుట్టి ఉన్న రాతిప్రాకారాన్ని 2017లో పౌరులు తమ చేతులతో వెలికితీసిన తీరు ఈ వ్యాసవిషయం.

ముందుగా ఒక మాట. చాందా కోట అనగానే గోల్కొండ వంటి కొండకోట మన మనసులో మెదులుతుంది. ఇది అటువంటిది కాదు. కోటలో ఊరు లేదు, ఊరి చుట్టూ గోడ ఉంది. బ్రిటిష్ కాలపు గెజెటీరు దీని చుట్టుకొలత అయిదున్నర మైళ్లనీ, ఎత్తు పదిహేను నుంచి ఇరవై అడుగులనీ చెప్పింది. ఇప్పుడు స్థానికులు పదకొండు కిలోమీటర్లని లెక్క కడతారు. జట్‌పురా, బిన్‌బా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ అని నాలుగు ద్వారాలు, అయిదు ఖిడికీలు. మన పాతమాటలో చెప్పాలంటే ఇవి దిడ్డివాకిళ్లు. వీటిలో మసాన్ ఖిడికీ పేరులోనే శ్మశానం ఉంది. చోర్ ఖిడికీ సంగతి పేరే చెబుతుంది. ద్వారాల మీద ఏనుగును అణచిన సింహం బొమ్మ గోండు రాజుల చిహ్నం. పడమట ఇరయీ, తూర్పున ఝర్పట్ నదులు పారి ఊరికి దక్షిణాన కలుస్తాయి. గోడ ఈ రెండిటి నడుమ నిలిచింది.

గోడ పుట్టుకను గురించిన కథ తెలుగు పాఠకుడికి బాగా పరిచితమైనదిగా తోస్తుంది. ఒంటినిండా కణుతులతో బాధపడుతున్న ఖాండక్యా బల్లాల్‌షా రాజు వేటకు వెళ్లి, ఝర్పట్ నీటితో ముఖం కడుక్కోగా జబ్బు నయమైందట. తర్వాత ఒకనాడు నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు ఒకటి రాజుగారి వేటకుక్కను తరిమింది. రాణి సలహాపై ఆ కుందేలు పరుగెత్తిన దారి వెంబడి గోడకు పునాది వేశారంటారు. విజయనగర స్థాపన గురించి మనవారు చెప్పుకొనే కుందేలు కథకు ఇది తోబుట్టువు. మేజర్ లూసీ స్మిత్ 1869 నాటి భూమిశిస్తు నివేదికలో గోండు రాజవంశ కథనాలను నమోదు చేశాడు. తర్వాత రాసినవారంతా చాలామేరకు ఆయన మీదే ఆధారపడ్డారు. కథలోని రాజుల తేదీలను యథాతథంగా తీసుకోవడం కష్టం. పదిహేనో శతాబ్ది చివర మొదలై, కొన్ని తరాల తర్వాత ధుండ్యా రామ్‌షా కాలానికి గోడ పూర్తయిందనేది సంప్రదాయం.

ఈ ఊరి శిలలలో మన పేరొకటి కూడా ఉంది. ఊరి బయట లాల్‌పేటలో దుర్గ మొదలైన దేవతల బ్రహ్మాండమైన ఏకశిలావిగ్రహాలు ఆరుబయట పడి ఉన్నాయి. పది తలల దుర్గను జనం రావణుడని పిలుస్తారు. రాయప్ప అనే కోమటి శివాలయం కట్టించబోయి, విగ్రహాలు చెక్కించి, గుడి లేవకముందే కన్నుమూశాడని చెబుతారు. గోడ కట్టించిన రాజులతోపాటు, గుడి కట్టలేకపోయిన ఈ వర్తకుణ్ణి కూడా చాందా చరిత్రలో తలచుకోవడం న్యాయం.

1751లో చాందా నాగపూరు భోంస్లేల చేతికి పోయింది. 1818 మే నెలలో కర్నల్ ఆడమ్స్ ఫిరంగులతో గోడను బద్దలుకొట్టి ఊరిని పట్టుకున్నాడు. ఆపైన గోడకు యుద్ధంతో పని లేదు. పనిలేని గోడను ఫిరంగి కంటే నెమ్మదిగా, కాని ఖచ్చితంగా పడగొట్టేది చెట్టు. కాకి రాల్చిన రావిగింజ రాతిసందులో మొలిచి, వేరు లావెక్కేకొద్దీ రాయిని రాయి నుంచి ఎడం చేస్తుంది. గోడ పైభాగాన నడిచే దారి పొదలతో నిండి, బురుజులు కనబడకుండా పోయాయి. చాలాచోట్ల గోడ ఇళ్ల వెనుక పెరటిగోడగా, చెత్త పారబోసే చోటుగా మిగిలింది. తమ ఊరికి గోడ ఉందని ఊరివాళ్లకు ద్వారాల దగ్గర మాత్రమే గుర్తొచ్చేది.

2017 మార్చి 1న ఎకో-ప్రో అనే స్వచ్ఛందసంస్థ, బండూ ధోత్రే నాయకత్వంలో, గోడను శుభ్రపరచడం మొదలుపెట్టింది. ఆ సంస్థ అంతకుముందు అడవి, పులుల విషయంలో పనిచేసిన యువకులది. కొడవళ్లు, పారలు, గొడ్డళ్లు తప్ప వారి దగ్గర పెద్ద సరంజామా లేదు. మాట తప్పకుండా రోజూ వచ్చారు. అదే వారి అసలు పెట్టుబడి. అదే ఏడాది అక్టోబరు 29న ప్రధాని నరేంద్ర మోదీ తన రేడియో ప్రసంగం 'మన్ కీ బాత్'లో ఈ పనిని ప్రస్తావించి, రెండు వందల రోజులు ఆగకుండా చేశారని చెప్పారు. పని అక్కడితో ఆగలేదు. శుభ్రమైన గోడ వెంబడి ప్రజలను నడిపించి చరిత్ర చెప్పే యాత్రలను అదే సంస్థ నిర్వహించింది.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. వీరు చేసింది జీర్ణోద్ధరణ కాదు, శుభ్రపరచడం. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. ఈ ప్రాకారం కేంద్ర ప్రభుత్వ రక్షిత కట్టడం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం దాని మీద రాయి పెట్టడానికైనా, తీయడానికైనా పురావస్తు శాఖకే అధికారం. పౌరుడికి మిగిలేది పొద కొట్టడం, మట్టి ఎత్తడం, నలుగురికీ చూపించడం. అదైనా శాఖ అనుమతితోనే. అందుకే నిధుల కోసం కాచుకోకుండా, చట్టం వదిలిన ఆ కాస్త జాగాలో వీరు అంతపని చేయగలగడం నాకు విశేషంగా తోస్తుంది. మన ఊళ్లలో శిథిలాల ఉద్ధరణ సంఘాలు తరచుగా చందా రసీదు పుస్తకంతో మొదలై దానితోనే ముగుస్తాయి. పోతే, శుభ్రం చేయడంలోనూ జాగ్రత్త కావాలి. వేళ్లూనిన రావిని బలవంతంగా పెరికితే దానితోపాటు రాళ్లూ ఊడివస్తాయి. చెట్టు కొట్టి మొద్దును వదిలేస్తే మరుసటి వానకు నాలుగు చిగుళ్లు వేస్తుంది. కాబట్టి ఒకసారి చేసి ఊరుకునే పని కాదిది, ఏటా వానల తర్వాత చేయవలసినది.

మరమ్మతు సంగతి వేరు. పాత గోడను కట్టింది సున్నంతో. సున్నపు అతుకు మెత్తనిది, నీటిని పీల్చి తిరిగి వదులుతుంది. సిమెంటు గట్టిగా బిగిసి తేమను లోపలే బంధిస్తుంది; తేమతో వచ్చిన లవణాలు అతుకును వదిలి రాతినే పొడి చేస్తాయి. ఉప్పర్వాహి, గడ్‌చాందూర్ ప్రాంతమంతా సున్నపురాతి నేల. అక్కడి కర్మాగారాలు ఆ రాయినే సిమెంటుగా మారుస్తున్నాయి. గోడకు మాత్రం కావలసింది ఆ రాయిని పాతపద్ధతిలో బట్టీలో కాల్చి, నానబెట్టి, గానుగాడించిన సున్నమే.

ఇక కష్టమైన ప్రశ్న, గోడను ఆనుకొని బతుకుతున్న వారిది. 2010 సవరణతో రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఒక గుడికో సమాధికో ఇది పెద్ద ఇబ్బంది కాదు. మైళ్ల పొడవున ఊరిని చుట్టిన గోడకు ఇరుపక్కలా ఈ కొలత గీస్తే పాతపట్నంలో పెద్దభాగం దాని కిందికి వస్తుంది. అక్కడ ఇల్లు కూలితే తిరిగి కట్టుకోవడానికి కాగితాలు పట్టుకు తిరగవలసిన సామాన్యుడు, గోడను తన సొత్తుగా ఎలా భావిస్తాడు? గోడ బయటపడినకొద్దీ ఈ తగవు కూడా బయటపడింది. పొదలను కొట్టడానికి పట్టినన్ని రోజుల్లో ఇది తేలేది కాదు. కొన్నిచోట్ల ఆ గోడనీడనే ఇప్పటికీ బట్టలు ఆరేస్తున్నారు, మేకలను కడుతున్నారు. ఆదివారం చరిత్ర చూడవచ్చినవారు వాటిని తప్పుకొని ముందుకు నడవవలసిందే.