వ్యసన విమోచన సలహాదారు: ఒక వృత్తి పుట్టి పెరిగిన తీరు

మద్యం మానలేని మనిషిని ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడ అతనికి ఇద్దరు మనుషుల అవసరం ఉంటుంది. మొదటివాడు వైద్యుడు. వణుకు, చెమటలు, మూర్ఛ, మతిభ్రమ రాకుండా మందులతో వారం పది రోజులు గట్టెక్కిస్తాడు. రెండవ మనిషి పని ఆ పది రోజుల తరువాత మొదలవుతుంది. మొదటి పని నేను ముప్పై ఏళ్లకు పైగా చేశాను. రెండవ పని చేసేవారు మా ఆసుపత్రిలో చాలాకాలం ఎవరూ లేరు. విటమిన్ బి1 సూదులు పొడిచి, డయాజిపామ్ మోతాదు క్రమంగా తగ్గించి, ఇంటికి పంపేటప్పుడు "ఇక తాగకు నాయనా" అనేవాళ్లం. ఆ ఒక్క వాక్యమే మా కౌన్సెలింగ్. ఒక రైతు ఒకే ఏడాదిలో నాలుగుసార్లు చేరాడు. అయిదవసారి అతని భార్య ఒక్కతే ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చింది. "మందులు బాగానే పనిచేసినయి డాక్టరు గారూ, ఇంటికొచ్చినాక పక్కన కూర్చునే మనిషే లేకపోయె" అన్నది. తప్పు ఎవరిదని ఆమె అడగలేదు. నేను మాత్రం చాలాకాలం అడుగుతూ వచ్చాను.

ఆ రెండవ మనిషి గురించే ఈ వ్యాసం. మా బంధువుల అమ్మాయి ఒకతె అమెరికాలో ఆ వృత్తిలో ఉన్నది. పగలు చికిత్సా కేంద్రంలో పని, రాత్రి ఆన్‌లైన్ తరగతులు. ఇప్పుడున్న లైసెన్సు నుండి పై అంచె లైసెన్సుకు చేరాలని చదువుతున్నది. "తాతయ్యా, ఈ ఉద్యోగం మొదట ఎవరు చేశారు?" అని ఒకనాడు ఫోనులో అడిగింది. జవాబు కోసం పుస్తకాలు తిరగేశాను. అది నేను ఊహించినదానికన్నా ఆసక్తికరంగా ఉన్నది.

తాగుడును పాపంగా గాక వ్యాధిగా చూడాలన్న మాటను అమెరికాలో గట్టిగా చెప్పినవాడు బెంజమిన్ రష్. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన వైద్యుడాయన. 1784లో ఘాటు మద్యాల దుష్ఫలితాల మీద చిన్న పుస్తకం ప్రకటించాడు. వ్యాధి అన్నాడు, బాగానే ఉన్నది. మరి ఆ రోగితో మాట్లాడేవారు ఎవరు? దానికి జవాబు వైద్యుల నుండి రాలేదు, సారాయి దుకాణంలో కూర్చున్నవారి నుండి వచ్చింది. 1840లో బాల్టిమోర్ నగరంలోని ఒక మద్యశాలలో ఆరుగురు తాగుబోతులు కలిసి ఇక తాగబోమని ఒట్టు పెట్టుకొని, తమ సంఘానికి జార్జి వాషింగ్టన్ పేరు పెట్టుకున్నారు. వారి పద్ధతి సులువు. మానినవాడు సభలో నిలబడి తన కథ చెబుతాడు. విన్నవాడు ఒట్టు వేస్తాడు. తరువాత అతడు మరొకరిని తీసుకువస్తాడు. మతబోధకుల ఉపన్యాసాలకు చెవినివ్వనివారు తమ వంటివాడి మాట విన్నారు.

కాని ఆ ఉద్యమం పదేళ్లు నిలవలేదు. ఎందుకో అర్థం కావాలంటే జాన్ గాఫ్ కథ వినాలి. పుస్తకాలకు అట్టలు కుట్టే పనివాడు, 1842లో ఒట్టు వేసి గొప్ప వక్త అయ్యాడు. ఊరూరా తిరిగి, డబ్బు పుచ్చుకొని, తన పతనాన్ని రాత్రికొకసారి వర్ణించేవాడు. 1845లో న్యూయార్కులో అదృశ్యమై, కొన్ని రోజుల తరువాత తాగిన స్థితిలో దొరికాడు. సోడాలో ఎవరో మందు కలిపారని చెప్పుకున్నాడు. పత్రికలు పండగ చేసుకున్నాయి. తరువాత ఆయన తేరుకొని బ్రతికినంతకాలం ఉపన్యాసాలు ఇచ్చాడు, అది వేరే సంగతి. ఆ సంఘటనలో నాకు కనిపించేది ఒకటే. ఇతరులను నిలబెట్టే పని చేస్తున్న ఆ మనిషిని కనిపెట్టి ఉండేవారు ఒక్కరూ లేరు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తరువాత వ్యాపారం వచ్చింది. 1879లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డ్వైట్ అనే ఊరిలో లెస్లీ కీలీ అనే వైద్యుడు బంగారపు మందు కనిపెట్టానని ప్రకటించాడు. రోజుకు నాలుగుసార్లు సూది. మందులో ఏమున్నదో పరమ రహస్యం. అందులో బంగారం ఉన్నదంటే తోటి వైద్యులు నమ్మలేదు. అయినా వేలాదిమంది వచ్చారు, కొందరు నిజంగానే మానారు. ఆయన కేంద్రాలలో పనిచేసిన వైద్యులు, సిబ్బందిలో అనేకులు అక్కడే బాగుపడిన పాత రోగులు కావడమే అసలు మందు అయి ఉంటుందని నా అనుమానం.

జీతం పుచ్చుకొని కూర్చోబెట్టి మాట్లాడే తొలి సలహాదారు బోస్టన్‌లో కనిపిస్తాడు. 1906లో అక్కడి ఇమ్మాన్యుయేల్ చర్చిలో ఎల్వుడ్ వూస్టర్ అనే మతాచార్యుడు వైద్యులతో కలిసి మనోవ్యాధులకు చికిత్స ఆరంభించాడు. 1911లో కోర్ట్నీ బేలర్ అనే వ్యక్తి తాగుడు మానడానికి అక్కడికి వచ్చాడు. మానిన తరువాత అక్కడే ఉద్యోగిగా చేరి తనవంటివారికి చికిత్స చేశాడు. వైద్యుడు కాడు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాడు, మతాచార్యుడు కాడు. 1919లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. ఆయన శిష్యుడు రిచర్డ్ పీబాడీ 1931లో మరొక పుస్తకం రాశాడు. అర్హత అన్న గడిలో వీరు రాయగలిగినది ఒక్కటే: తాగి, మానినవారు.

1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే దివాలా తీసిన షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలుసుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిన సంగతి మీలో చాలామందికి తెలుసు. మరుసటి సంవత్సరం జరిగిన ఒక చిన్న సంఘటన తెలిసినవారు తక్కువ. న్యూయార్కులో విల్సన్ చికిత్స పొందిన ఆసుపత్రి యజమాని చార్లెస్ టౌన్స్ ఆయనను పిలిచి, మా ఆసుపత్రిలో సలహాదారుగా చేరు, గది ఇస్తాను, డబ్బు ఇస్తాను, లాభంలో వాటా కూడా ఇస్తాను అన్నాడు. అప్పటికి విల్సన్ ఇల్లు ఆయన భార్య దుకాణంలో చేసే ఉద్యోగం మీద నడుస్తున్నది. సంతోషంతో ఇంటికి వచ్చి, ఆ రాత్రి సమావేశంలో స్నేహితులకు చెప్పాడు. వారు ఒప్పుకోలేదు. డబ్బు పుచ్చుకొని చేస్తే ఇది ఇక ఇది కాదు అన్నారు. విల్సన్ ఆ ఉద్యోగం వదులుకున్నాడు. 1950లో ఆ సంస్థ ఆమోదించిన పన్నెండు సంప్రదాయాలలో ఎనిమిదవది ఆ రాత్రి చర్చకు వారసురాలే: ఒకరికొకరు చేసే సాయం ఎప్పటికీ వృత్తి కారాదు.

ఇంత స్పష్టంగా వద్దన్న తరువాత కూడా అది వృత్తి అయింది. మిన్నెసోటా రాష్ట్రంలోని విల్మర్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో నెల్సన్ బ్రాడ్లీ అనే వైద్యుడు, డేనియల్ ఆండర్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తాగుడు మానినవారిని వార్డులో ఉద్యోగులుగా పెట్టాలని పట్టుబట్టారు. నిన్నటిదాకా మంచం మీద ఉన్నవాడు రేపు వైద్య బృందంలో కుర్చీ వేసుకొని కూర్చోవడం ఆనాటి వైద్యులకు, నర్సులకు ఎట్లా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. నేనైతే ఆ వయసులో ఒప్పుకొని ఉండేవాడిని కాను. 1954లో ఆ రాష్ట్రం మద్యవ్యసన సలహాదారు అన్న పేరుతో ప్రభుత్వ ఉద్యోగాన్నే సృష్టించింది. అక్కడివారు సహాయ సంఘంలో సభ్యుడిగా చేసే సాయం వేరు, ఉద్యోగిగా చేసే పని వేరు అని గీత గీసుకున్నారు. ఒకే మనిషి నెత్తిన రెండు టోపీలు. ఏ వేళ ఏది పెట్టుకున్నాడో మరచిపోకూడదు.

1970లో అయోవా సెనేటర్ హెరాల్డ్ హ్యూస్ చొరవతో మద్యవ్యసన చికిత్సకు కేంద్ర చట్టం వచ్చింది. ఆయన కూడా తాగి మానినవాడే. నిధులు వచ్చాయి, కేంద్రాలు వెలిశాయి, బీమా సంస్థలు చెల్లింపులకు ముందుకు వచ్చాయి. చెల్లించేవాడు అడిగే మొదటి ప్రశ్న మీకు తెలిసినదే: ఈ పని చేసినవాడి అర్హత ఏమిటి? 1972లో సలహాదారుల జాతీయ సంఘం ఏర్పడింది. 1981లో రాష్ట్రాల ధ్రువీకరణ మండళ్లు ఒక కూటమిగా కలిశాయి.

కేవలం బీమావారి కోసమే లైసెన్సులు వచ్చాయని అనుకోకండి. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ అనే మాజీ తాగుబోతు సినానాన్ అన్న ఆశ్రమం స్థాపించాడు. హెరాయిన్ వాడేవారిని వృత్తాకారంగా కూర్చోబెట్టి ఒకరినొకరు తిట్టించడం అక్కడి చికిత్స. మొదట అందరూ మెచ్చుకున్నారు. క్రమంగా అది మతశాఖ వంటిదయి, హింసకు దిగింది. 1978లో తమ మీద వ్యాజ్యం నడిపిన న్యాయవాది ఉత్తరాల పెట్టెలో అక్కడివారు గిలకపామును పెట్టారు. అది అతనిని కాటు వేసింది, ఎట్లాగో బ్రతికాడు. అనుభవం ఒక్కటే అర్హత అయినప్పుడు, అనుభవశాలిని ప్రశ్నించే అధికారం ఎవరికీ ఉండదు.

అందుకే అంచెలు వచ్చాయి. శిక్షణార్థి, ధ్రువీకృత సలహాదారు, మాస్టర్స్ డిగ్రీతో స్వతంత్రంగా రోగనిర్ధారణ చేయగల పై స్థాయి సలహాదారు. పేర్లు, నిబంధనలు రాష్ట్రానికొక తీరు. న్యూయార్కులో చాలాకాలం నడచిన నిబంధన చూడండి. తరగతి చదువు 350 గంటలు. డిగ్రీ లేనివారికి పర్యవేక్షణలో చేసిన పని 6000 గంటలు. నిష్పత్తి గమనించారా? ఈ మెట్లు కట్టేటప్పుడు బేలర్ వంటివారు కొందరు కింద ఉండిపోయారన్నదీ నిజం. మాటలోని బలం తప్ప డిగ్రీ లేనివారు పై అంచెకు వెళ్లలేకపోయారు. 2007లో పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద, అనుభవంతో తోడు నిలిచే సహచరుల సేవకూ చెల్లించవచ్చునని కేంద్రం రాష్ట్రాలకు తెలిపింది. ముందు తలుపు నుండి వెళ్లినవాడే పక్క తలుపు నుండి, తక్కువ జీతానికి, తిరిగి వచ్చాడు.

ఇక మా అమ్మాయి ఆన్‌లైన్ చదువు సంగతి. తెర మీద చూసి ఈ విద్య వస్తుందా అని నాకూ సందేహమే. దీనికి ఊహతో గాక ప్రయోగంతో జవాబు వెదకినవారున్నారు. రోగిని మందలించకుండా, మారాలన్న కోరికను అతని నోటనే పలికించే సంభాషణ పద్ధతిని 1983లో విలియం మిల్లర్ ప్రతిపాదించాడు. ఆయన బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో లైసెన్సు ఉన్న 140 మందికి ఈ పద్ధతి నేర్పి, కొందరిని శిక్షణ శిబిరంతో వదిలివేశారు. మరికొందరి సంభాషణల టేపులు విని లోపాలు చెప్పారు, లేదా ఫోనులో మార్గదర్శనం చేశారు. శిబిరంతో సరిపెట్టుకున్నవారు నేర్చినది నాలుగు నెలలకే సడలిపోయింది. టేపు విని చెప్పేవారు, ఫోను చేసేవారు ఉన్నవారిలో నిలిచింది. 2005లో వచ్చిన మరొక అధ్యయనంలో 78 మందిని మూడు రకాలుగా విభజించారు: పుస్తకం మాత్రమే, పుస్తకంతోపాటు వెబ్‌సైటు, పుస్తకంతోపాటు తరగతి, పర్యవేక్షణ. మూడవ గుంపు ముందున్నది, పుస్తకం వారు వెనుకబడ్డారు, వెబ్‌సైటు వారు నడుమ నిలిచారు.

అంటే దూరం అసలు దోషం కాదు. ఫోనులో చెప్పినా నిలిచింది కదా! వీడియో దానంతట అది నడుస్తుండగా వంటింట్లో కూర తరుగుతూ గంటలు పూర్తి చేసి సర్టిఫికేట్ అచ్చు వేసుకునే చదువును మాత్రం నేను చదువు అనలేను. గాఫ్‌కు లేనిదీ, మిల్లర్ శిష్యులకు ఉన్నదీ ఒక్కటే: నీవు చేసిన పనిని విని, ఇక్కడ తప్పావు అని చెప్పే పెద్ద.

మన దేశంలో ఈ వృత్తి కథ మద్రాసులో మొదలైందనవచ్చు. తాగుడు వల్ల భర్తను చిన్న వయసులో కోల్పోయిన శాంతి రంగనాథన్ అమెరికాలో శిక్షణ పొంది వచ్చి, 1980లో అక్కడ చికిత్సా సంస్థ స్థాపించారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించిన సంవత్సరమూ అదే. వారి ఉద్యమం ఆ మరుసటి ఏడాది సారా నిషేధం తెచ్చింది. అప్పుడు మన పత్రికలన్నీ దుకాణం గురించే రాశాయి. దుకాణం మూసిన రాత్రి వణుకుతూ పడుకున్న మనిషి గురించి రాసినట్లు నాకు జ్ఞాపకం లేదు. వైద్యుడినై ఉండి నేనూ రాయలేదు.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యం విషయంలో సహాయం అవసరమైనవారు 5.7 కోట్లు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినది ఒక్కరికి. ఇంతమందికి సలహాదారులను ఎక్కడ తయారుచేయాలి? కొలంబో ప్లాన్ సంస్థ 2009 నుండి ఆసియా దేశాల కోసం అంచెలవారీ ధ్రువీకరణ పత్రాలు రూపొందిస్తున్నది. న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే భారతీయ సంతతి వైద్యుడు 2003లో కాలేయ వ్యాధుల కోసం ప్రారంభించిన ఎకో పద్ధతిని బెంగుళూరు నిమ్‌హాన్స్ వ్యసన చికిత్స శిక్షణకు వాడుతున్నది. జిల్లాలలోని వైద్యులు, సలహాదారులు తమ రోగి సమస్యను వీడియోలో నిపుణుల ముందు పెడతారు. ఉపన్యాసం కొంతసేపే, మిగతా సమయమంతా ఆ రోగి మీద చర్చ. అక్కడ పని నేర్చేవాడు కళ్లు మూసుకొని కూర్చోలేడు, ఎందుకంటే వచ్చే వారం తన వంతు.

దీనికి భిన్నంగా 2025లో మన విశ్వవిద్యాలయ నిధుల సంఘం మనస్తత్వ శాస్త్రం, అనుబంధ ఆరోగ్య కోర్సులను దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని నడపరాదని ఆదేశించింది. డబ్బు తీసుకొని డిగ్రీలు పంచే వ్యవహారాన్ని చూసినవారికి ఆ భయం అర్థమవుతుంది. కాని పల్లెలో ఉద్యోగం చేసుకుంటూ పై అంచెకు వెళ్లాలనుకునే సలహాదారు పట్నం వెళ్లి రెండేళ్లు ఉండగలడా? తలుపు మూసేవారు ఎకో వంటి కిటికీనైనా వెడల్పు చేయాలని నా అభిప్రాయం.

మా అమ్మాయికి ఇదంతా ఫోనులో చెప్పాను. ఆమె తన కోర్సులో అన్నిటికన్నా భయపెట్టే భాగం పరీక్ష కాదన్నది. రోగి అనుమతితో ముప్పై నిమిషాల సంభాషణ రికార్డు చేసి పంపాలట. పర్యవేక్షకురాలు విని, ఎక్కడెక్కడ తొందరపడి సలహా ఇచ్చిందో నిమిషాలతో సహా గుర్తు పెట్టి పంపుతుందట. మొదటి టేపులో పదకొండు గుర్తులు వచ్చాయి. "ఇక తాగకు నాయనా" అన్న నా వాక్యానికి ఎన్ని గుర్తులు పడేవని అడిగాను. నవ్వి, రెండో టేపు పంపాలంటూ ఫోను పెట్టేసింది.