పాత యింటికి క్రొత్త కిటికీ

ఇల్లు పాతబడినకొలది గృహస్థుని దృష్టి మొదట కిటికీలపై పడును. గోడ కూల్చుటకు జంకువాడును కిటికీ నూడదీయుటకు జంకడు. అది యెప్పుడు తగునో, యెప్పుడు తగదో విచారింతము.

సంస్కృతమున కిటికీకి వాతాయనమని యొక పేరు, గవాక్షమని మఱియొక పేరు. మొదటిది గాలిత్రోవ, రెండవది ఆవుకన్ను. ఇంగ్లీషున ‘విండో’ అను మాటకు మూలమైన పాత నార్సు పదమునకు ‘గాలికన్ను’ అని యర్థము. గాలియు చూపును కిటికీకి ప్రాణములని దూరదేశములవారును గుర్తించిరి.

మన పాత యిండ్లలోని నాలుగు రెక్కల కిటికీ ఈ రెంటిని ఎఱిగి చేసినది. క్రింది రెక్కలు మూసిన వీధివారి చూపు లోనికి రాదు. పై రెక్కలు తెఱచిన గాలి యాగదు. దీనికి మాఱుగా నేడు పెట్టుచున్న జరుగుడు అద్దములలో ఒకటి రెండవదాని వెనుకకు పోవునేగాని గోడలోనికి పోదు; కావున తెఱపి సగమే.

నౌపడ ఉప్పుమళ్ల యూరు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు గోరును గనుక ఊచల మొనలు ఉబ్బి చట్రమును చీల్చును. వాననీరు నిలుచుటచే అడుగుకఱ్ఱ పుచ్చును. మేమును ఒకప్పుడు మా పెద్దల యింటి కిటికీ నొకదానిని పుచ్చినదని పెఱికించితిమి. నేలమీద పెట్టి చూడగా అడుగుకఱ్ఱ తప్ప తక్కిన టేకంతయు గట్టిగా నుండెను. మూరెడు కఱ్ఱతో తీఱు పనికి కిటికీనే పోగొట్టుకొంటిమి.

కావున ముందు మరమ్మతు. అది సాగనినాడే మార్పు. మార్చునపుడు పాత కొలతలను, రెక్కల సంఖ్యను, గోడలో చట్రము కూర్చున్న లోతును నిలుపవలెను. ఊచలకు త్రుప్పు నోర్చు ఉక్కు వాడవచ్చును. 1964లో వెనిసు నగరమున వాస్తుశిల్పులు కుదిర్చిన నియమపత్రము సైతము క్రొత్తగా చేర్చిన భాగము పాతదానితో పొసగవలెననియు, అయినను క్రొత్తదని తెలియవలెననియు చెప్పుచున్నది.

కాని పాతదంతయు పూజ్యము గాదు. వీధిసావడికి పెద్ద కిటికీలు పెట్టిన మా పెద్దలే వంటయింటికి జానెడు రంధ్రము చాలుననుకొనిరి. ఆ పొగలో కన్నులు నులుముకొనినది వారు గారు, వారి యాడవారు. ఆ గోడను మాత్రము మేము వెఱవక తొలిపించి నిండు కిటికీ పెట్టించితిమి, దానికి పశ్చాత్తాపపడలేదు.

1900లో నౌపడనుండి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల యెడముగల పట్టాలపై చిన్నరైలు నడచెను. నేడచ్చట పెద్దపట్టాలు పడినవి. పట్టాలు మాఱినవి గాని ప్రయోజనము మాఱలేదు. కిటికీ మార్చువారును దేనిని మార్చుచున్నారో, దేనిని నిలుపుచున్నారో ఎఱిగి వడ్రంగిని పిలుతురుగాక.