కాళ్లు లేని శిష్యుడు, ఖంగుమన్న సిద్ధుడు

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి తెలంగాణలో అడుగుపెట్టేది జహీరాబాద్ దగ్గరి చిరాగ్‌పల్లిలో. లారీ డ్రైవర్లకు ఇది చాలాకాలం చెక్‌పోస్టు ఊరుగా ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఇక్కడ సరిహద్దన్నదే లేదు. జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఇక్కణ్నుంచి పడమటికి హుమ్నాబాద్ దాటితే బసవకల్యాణ్, ఇంకా పోతే పుణె. దక్షిణాన, కృష్ణ ఒడ్డున శ్రీశైలం. ఈ మూడు చోట్ల యోగం గురించి చెప్పుకునే కథల్లో ఆరితేరినవాళ్ల కంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లకే పెద్దపీట. ఎందుకో మనవాళ్లు ఆ సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతి కోరిక మీద 15వ శతాబ్దంలో గౌరన 'నవనాథ చరిత్రము' ద్విపదలో రాశాడు. నాథ సిద్ధుల కథలను తెలుగులోకి తెచ్చిన కావ్యమది. అందులోని సారంగధరుణ్ని నాటకాల పుణ్యమా అని తెలుగువాళ్లందరూ ఎరుగుదురు. సవతితల్లి వేసిన నిందకు కాళ్లూ చేతులూ నరికించుకుని అడవిలో పడి ఉన్న రాజకుమారుడతను. నాథ గురువు మత్స్యేంద్రుడు అతణ్ని చేరదీసి యోగం నేర్పుతాడు. కాళ్లే లేనివాడికి పద్మాసనం ఎలా చెప్పాలి? ఇవాళ ఏ యోగా క్లాసులో అడిగినా గురువుగారు నీళ్లు నమలాల్సిందే. కథలో మాత్రం అది అడ్డంకి కాలేదు. సాధన పండి సారంగధరుడికి అవయవాలు తిరిగొచ్చాయి, చౌరంగి అనే సిద్ధుడయ్యాడు. అతనికి ఉపచారాలు చేసిన పశులకాపరి ఇంకా పెద్దవాడయ్యాడు. అతనే గోరక్షనాథుడు.

ఆ గోరక్షుడే మరో కథలో మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడతాడు. ఇది వీరశైవులు చెప్పుకునే కథ. 12వ శతాబ్దంలో కల్యాణంలో, అంటే ఇప్పటి బసవకల్యాణ్‌లో, బసవేశ్వరుడి అనుభవ మంటపానికి పీఠాధిపతిగా ఉన్న అల్లమ ప్రభువు, శ్రీశైల ప్రాంతంలో గోరక్షుణ్ని కలుస్తాడు. గోరక్షుడు తన దేహం వజ్రమంత గట్టిదని చెప్పి, చేతికి కత్తి ఇచ్చి నరికి చూడమంటాడు. అల్లమ కొడతాడు. ఖంగుమని మోగింది తప్ప వెంట్రుక కూడా తెగలేదు. ఇప్పుడు నన్ను కొట్టు అంటాడు అల్లమ. కత్తి గాలిలో తిప్పినట్టు ఇటు నుంచి అటు వెళ్లిపోతుంది, దానికి తగిలేదేమీ ఉండదు. దేహాన్ని ఇనుములా చేసుకున్న సిద్ధుడు అక్కడికక్కడే శిష్యుడైపోతాడు. చామరసు కన్నడంలో రాసిన 'ప్రభులింగలీలె' ఈ ఘట్టాన్ని ఇంటింటికీ చేర్చింది.

ఇంతకీ ఆసనాలు? శ్రీశైలం ఆలయ ప్రాకారం మీద 16వ శతాబ్దపు శిల్పులు నాథ యోగులను చెక్కారు. వాళ్లలో కొందరు చూసేవాడికే నడుము పట్టేసేలా మెలికలు తిరిగి ఉంటారు. ఆ బొమ్మలు చూసి జడిసేవాళ్లు హంపీ కూడా వెళ్లి రావాలి. 1528లో కృష్ణదేవరాయలు చెక్కించిన నరసింహుడి మోకాళ్ల చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. అది యోగపట్టం. ఎక్కువసేపు కూర్చుంటే మోకాళ్లు జారిపోకుండా కట్టుకునేది. దేవుడికే ఆసరా కట్టినప్పుడు మనిషి గోడ పట్టుకుని వంగితే నామోషీ ఏముంది?

ఆ ఆసరాను ఆధునిక యోగంలోకి ఘనంగా తీసుకొచ్చినవాడు బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో కోలారు జిల్లా బెళ్లూరులో పుట్టాడు. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెంట ఒకటి అతణ్ని పీల్చి పిప్పి చేశాయి. 1934లో మైసూరులో ఉన్న అక్కగారి భర్త తిరుమలై కృష్ణమాచార్య పిలిస్తే వెళ్లాడు. కృష్ణమాచార్య అప్పటికే జగన్మోహన్ ప్యాలెస్‌లో మహారాజు అండతో యోగశాల నడుపుతున్నాడు. ముందుకు వంగితే ఆ కుర్రాడి వేళ్లు మోకాళ్లను దాటేవి కావు. వీడికి యోగం అబ్బదని గురువు వదిలేశాడు కూడా. ఈలోగా ముఖ్య శిష్యుడొకడు చెప్పకుండా వెళ్లిపోయాడు. ప్రదర్శన దగ్గరపడింది, మరో దారి లేక గురువు ఇతణ్ని తయారుచేశాడు.

1937లో అయ్యంగార్‌ను పుణె డెక్కన్ జింఖానాకు పంపారు. అప్పటికి వయసు 18. శిష్యుల్లో చాలామంది తనకంటే పెద్దవాళ్లు, తనకంటే దృఢమైనవాళ్లు! పాఠం చెప్పాలంటే తనే గంటల తరబడి సాధన చేయాల్సి వచ్చింది. 1966లో 'లైట్ ఆన్ యోగా' వచ్చేనాటికి సుమారు 200 ఆసనాలను సుమారు 600 ఫొటోల్లో చూపగలిగాడు. అయినా ఆయన బడిని గుర్తుపట్టేది ఆ ఫొటోలతో కాదు. గోడకు వేలాడే తాళ్లు, చెక్క దిమ్మెలు, దుప్పట్లు, మడత కుర్చీలతో. అవన్నీ వంగలేనివాళ్ల కోసమే.

మొదట చెప్పుకున్న 65వ నంబరు రహదారికి రెండో చివర మచిలీపట్నం. అక్కణ్నుంచి తీరం వెంట పైకి వెళ్తే విశాఖ. 2025 జూన్ 21న బీచ్ రోడ్డులో మూడు లక్షలకు పైగా జనం యోగా చేసి గిన్నిస్ రికార్డుకెక్కారు. అంతమందిలో రోజూ చేసేవాళ్లు ఎందరో గానీ, అందరికీ పెట్టిన పాఠం మాత్రం ఒకటే: యోగా దినోత్సవానికి ఆయుష్ శాఖ తయారుచేసిన 45 నిమిషాల పాఠం. అందులో ప్రార్థన అయ్యాక మొట్టమొదట చేయించేది మెడను ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ వంచడం. తాడాసనం వంతు ఆ తర్వాతే. మెలికల ఆసనాల్లో మత్స్యేంద్రుడి పేరు మోసేది అర్ధమత్స్యేంద్రాసనం. ఆ 45 నిమిషాల పాఠంలో దాని జోలికి పోకుండా, అంతకంటే తేలికైన వక్రాసనంతో సరిపెట్టారు.